పాటలు తెరుచుకోని కంప్యూటరు

ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసే పని మానేసి ఏడాది దాటింది. ఫోను మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. సరిగ్గా అన్నం కలుపుకునే వేళకే మోగుతుంది. "విజయమ్మా, ఇంటర్నెట్ ఎగిరిపోయింది" అంటారు. ఎగిరిపోయేది ఇంటర్నెట్ కాదు, తెర మీద దాని బొమ్మ. ఎవరో తెలియక పక్కకు లాగేసి ఉంటారు. ఎడం చేత్తో ఫోను పట్టుకుని, కుడిచేతి అన్నం ఆరిపోతుండగా, అది ఎక్కడ దాక్కుందో వెతికి చెబుతాను. మానేశానని చెప్పడం కంటే అదే తేలిక.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఏం నేర్చుకోవాలని. సాఫ్ట్‌వేర్ సంగతి ఏటేటా మారిపోతుంది, నేను చెప్పేది మీరు నేర్చుకునేలోపే పాతబడుతుంది. మారనిది ఇంకొకటి ఉంది. దాని గురించి రాస్తాను. నాకు వచ్చిన సర్టిఫికెట్ల గురించి, షాపుల వాళ్ళు ఇచ్చిన షీల్డుల గురించి రాయను. అవి బీరువా పైన ఉన్నాయి, దుమ్ము తుడిచే ఓపిక కూడా నాకు లేదు.

నేనేం ముట్టుకోలేదు

ఒంగోలులో ప్రసాద్ గారి షాపులో పనిలో చేరాను. ఆయన పొట్టిగా, చిరాగ్గా, ఎప్పుడూ చొక్కా జేబులో స్క్రూడ్రైవరుతో ఉండేవాడు. ఆడమనిషిని ఇళ్ళకు పంపుతున్నాడేమిటని చుట్టుపక్కల షాపులవాళ్ళు నవ్వితే, "ఇళ్ళల్లో మధ్యాహ్నం పూట తలుపు తీసేది ఆడవాళ్ళేగా, నిన్ను చూసి ఎవడు తీస్తాడ్రా?" అని అడిగేవాడు. నన్ను పెట్టుకోవడానికి అంతకుమించిన ఆదర్శం ఆయనకేమీ లేదు.

మొదటి వారం నేను ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న వేసేదాన్ని: "ఏం చేశారండీ?" ప్రతి ఇంట్లోనూ ఒకే జవాబు వచ్చేది: "నేనేం ముట్టుకోలేదమ్మా." భర్త ముట్టుకోలేదు, భార్య ముట్టుకోలేదు, పిల్లలు అసలు ఆ గదిలోకే వెళ్ళలేదు. ప్రింటరు దానంతటదే ఆగిపోయింది, పాస్‌వర్డు దానంతటదే మారిపోయింది. షాపుకు తిరిగొచ్చి మొరపెట్టుకుంటే ప్రసాద్ గారు తల కూడా ఎత్తలేదు.

"ఏం చేశారని అడిగితే ఎవడు చెప్తాడు అమ్మాయ్? నువ్వేమన్నా పోలీసువా? తెర మీద ఏం కనబడిందో అడుగు. అది చెప్పడానికి ఎవరికీ సిగ్గుండదు."

ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పెద్ద విషయం అదే. ఆ తర్వాత ఎవరినీ ఏం చేశారని అడగలేదు. "ఏం కనబడిందండీ?" అంటే చాలు, మనుషులు కూర్చుని వివరంగా చెబుతారు. పసుపు రంగు పెట్టె వచ్చిందనీ, దాంట్లో ఎర్ర గుర్తు ఉందనీ, ఏదో అడిగితే సరే అన్నామనీ. ఆ 'సరే'లోనే మనకు కావలసింది ఉంటుంది.

ఫార్మాట్ కొట్టెయ్

అప్పట్లో మా షాపులో అన్ని రోగాలకూ ఒకటే మందు. మిషన్ నెమ్మదించిందా, ఫార్మాట్ కొట్టెయ్. పాట వినబడట్లేదా, ఫార్మాట్ కొట్టెయ్. మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తే ఎక్కడ తప్పుందో వెతికే బాధ ఉండదు. ఇప్పటికీ సగం షాపుల్లో జరిగేది ఇదే. దాన్ని నైపుణ్యం అనకండి. కాలు బెణికిందని వచ్చిన వాడికి కాలు తీసేయడం లాంటిది అది.

ఒకసారి అద్దంకి వైపు నుంచి పత్తి వ్యాపారం చేసే ఒకాయన మిషన్ తెచ్చి ఇచ్చాడు. లోపల ఫ్యాను నిండా పత్తి నూగు. అది దులిపి, ఎలాగూ నెమ్మదిగా ఉంది కదా అని ప్రసాద్ గారే స్వయంగా ఫార్మాట్ కొట్టారు. సాయంత్రం ఆ వ్యాపారి భార్య వచ్చి చూసుకుంది. చనిపోయిన పెద్దకొడుకు ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయట. ఇంకెక్కడా లేవట. ఆ ముక్క ఆమె అరిచి చెప్పలేదు. మెల్లిగానే చెప్పి, బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఎదురుగా నేనే ఉన్నాను. ప్రసాద్ గారు టీకి వెళ్ళారు.

ఇలాంటప్పుడు షాపులవాళ్ళు ఏం చెబుతారో నాకు తెలుసు. "వైరస్ తినేసిందండీ" అంటారు. ఎవరూ కాదనలేరు. ఆయన తిరిగొచ్చాక నేను విషయం చెప్పి, ఆయన నోటి వెంట ఆ మాట కోసమే ఎదురు చూశాను. ఆయన ఆ మాట అనలేదు. తర్వాత స్కూటరు తీసి, అప్పటికే మిషన్ తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయిన ఆమె ఇంటికి, అద్దంకి దాకా వెళ్ళాడు. నన్నూ ఎక్కించుకున్నాడు, ఎందుకో. గుమ్మంలో నిలబడి, "అమ్మా, అవి నేనే చెరిపేశాను, అడక్కుండా" అన్నాడు. ఆ వ్యాపారి తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. ఈయన తల వంచుకుని అన్నీ విన్నాడు. మిషన్ మళ్ళీ తీసుకొచ్చి, చెరిగిపోయినవి వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్లు ఎన్ని దొరికితే అన్ని ప్రయత్నించాడు. కొన్ని ఫొటోలు వచ్చాయి. కొన్ని సగం దాకా వచ్చి కింద బూడిదరంగు పట్టీలా ఆగిపోయాయి. ఆ సగం ఫొటోలను కూడా ఆ తల్లి వదలకుండా తీసుకుంది.

ఆ రోజు నుంచి మా షాపులో ఏ మిషన్ వచ్చినా ముందు అడగాల్సింది ఒకటే: దీంట్లో పోకూడనిది ఏముంది? ప్రసాద్ గారి కింద ఏళ్ళ తరబడి పనిచేశాను. ఆయన కోపం, ఆయన పిసినారితనం అన్నీ భరించాను. ఎందుకు భరించావని అడిగితే నాకు ఆ గుమ్మమే గుర్తుకొస్తుంది.

గడియారం తప్పు

కనిగిరిలో ఒక ఇంటికి వెళ్ళాను. కాలేజీ సీటుకు దరఖాస్తు పెట్టడానికి అదే ఆఖరి రోజు. ఏ సైటు తెరిచినా 'ఇది సురక్షితం కాదు' అని వస్తోంది. నేను గుమ్మం ఎక్కేసరికి తండ్రి కూతుర్ని దులిపేస్తున్నాడు.

"సినిమాలు, సినిమాలు! దిక్కుమాలిన సైట్లన్నీ చూసి వైరస్ తెచ్చిపెట్టింది. ఇప్పుడు చూడు, దాని బతుకే పోయింది!"

ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను కూర్చుని తెర మూలన ఉన్న తేదీ చూశాను. ఆ పిల్ల పుట్టకముందు తేదీ అది. లోపల బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషన్ గడియారం ఎప్పటికో వెనక్కి వెళ్ళిపోతుంది. తేదీ తప్పైతే సైట్లకు ఇచ్చిన ధ్రువపత్రాలేవీ చెల్లవనుకుంటుంది. తేదీ సరిచేశాను. సైటు తెరుచుకుంది.

"ఇంతేనా?" అన్నాడు తండ్రి.

ఈ 'ఇంతేనా' అన్న మాట మీరు జీవితాంతం వింటారు. దానికి బాధపడటం మానేయండి, ఒంటికి మంచిది. నేను సంచీ సర్దుకుంటుంటే ఆ పిల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆంటీ, నా తప్పు కాదని మా నాన్నకి కొంచెం గట్టిగా చెప్పండి" అంది. చెప్పాను. బ్యాటరీకి ముసలితనం వచ్చిందని, దానికీ సినిమాలకూ సంబంధం లేదని, వంటింట్లో ఉన్న తల్లికి కూడా వినబడేటట్టు చెప్పాను.

ఇళ్ళల్లో కంప్యూటరు చెడితే ముందు జరిగేది ఎవరో ఒకరిని దోషిని చేయడం. మిషన్ బాగుచేసి ఆ నింద అలాగే వదిలేసి వస్తే సగం పనే చేసినట్టు. కానీ చెప్పినంత తేలిక కాదు. పొద్దుట్నించీ బస్సుల్లో తిరిగి, మోకాళ్ళు పట్టేసి, ఇంకో ఇంటి వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, ఒకరి కుటుంబంలో న్యాయం చెప్పే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలాసార్లు రాదు. వచ్చినప్పుడు చెప్పాను.

పిచ్చి గీతలు

ఇక శర్మ గారింటి సంగతి. అప్పటికి ప్రసాద్ గారు షాపు మూసేశారు. నేను సొంతంగా ఇళ్ళకు వెళ్తున్నాను. చూపు తగ్గింది, తెర మీద చిన్న అక్షరాలు చూడాలంటే కళ్ళజోడు ఎత్తి ముక్కు ఆనించాల్సి వస్తోంది. ఈ పని ఇంక చాలనుకుంటున్న రోజులు.

శర్మ గారు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇల్లు ఒంగోలులోనే. భార్య కామేశ్వరమ్మ గారు పెళ్ళిళ్ళలో పాటలు పాడేవారు. గౌరీ పూజకు ఒక పాట, తలంబ్రాలకు ఒకటి, వియ్యాలవారిని ఆటపట్టించడానికి బోలెడు. ఆమె అత్తగారి దగ్గర కొన్ని, ఊరూరా పెళ్ళిళ్ళలో కొన్ని నేర్చుకున్నవి. ఏ పుస్తకంలోనూ లేనివి. శర్మ గారు వాటిని ఆమె చేత పాడించుకుంటూ, ఒక్కో వేలితో టైపు చేసి కంప్యూటరులో పెట్టారు. కొన్నేళ్ళ పని అది. ఆ తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనిషికి అన్నీ అర్థమవుతాయి, పేపరు చదువుతారు, కానీ గొంతులోంచి 'ఊఁ' తప్ప ఏమీ రాదు.

వాళ్ళమ్మాయి లలిత గుంటూరులో బ్యాంకు ఉద్యోగి. పాత మిషన్ మూలుగుతోందని, కొత్తది కొని తెచ్చి, ఫైళ్ళన్నీ దాంట్లోకి మార్చి, పాతదాన్ని తుక్కు కొనేవాడికి ఇచ్చేసింది. ఆ తర్వాత ఎప్పుడో శర్మ గారు పాటల ఫైలు తెరిచారు. తెలుగు అక్షరాలు లేవు. ఎదురు సందులో షాపు అబ్బాయి వచ్చి చూసి, ఫైలు పాడైపోయింది, తీసేయండి అన్నాడట. లలిత అడ్డుపడి నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. లోపలికి రమ్మనలేదు. "చూడాల్సిందేముందమ్మా, అయిపోయింది" అన్నారు. లలిత నన్ను లోపలికి తీసుకెళ్ళింది. నడుస్తూనే, "నాన్న నాతో మాట్లాడి వారమైంది విజయ గారూ" అంది. గది మూలన వాలుకుర్చీలో కామేశ్వరమ్మ గారు. నన్ను చూసి ఎడంచెయ్యి కొంచెం ఎత్తారు.

"ఏం కనబడిందండీ?" అని అడిగాను లలితను.

"మీరే చూడండి" అని ఫైలు తెరిచింది.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య కొక్కేలు, చుక్కలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. చూడ్డానికి పిచ్చివాళ్ళ రాతలాగే ఉంది. నేను కళ్ళజోడు ఎత్తి చాలాసేపు చూశాను. చదవడానికి కాదు, దాని ఆకారం చూడటానికి. వరసలన్నీ ఇంచుమించు ఒకే పొడవు. నాలుగు వరసలు, ఒక ఖాళీ. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఖాళీ. ప్రతి నాలుగో వరస చివర అవే గుర్తులు, అదే వరుసలో. పాడైపోయిన ఫైలు అంత పద్ధతిగా ఉండదు.

"లలిత గారూ, ఇది పల్లవి" అన్నాను వేలు పెట్టి. "ఏమీ పోలేదు. అంతా ఇక్కడే ఉంది. ఫాంటు లేదంతే."

కొత్తగా వచ్చే పిల్లలకు ఇది తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. పాత తెలుగు ఫాంట్లలో మనం 'క' కొడితే కంప్యూటరు లోపల దాచుకునేది 'క' కాదు, ఏదో ఇంగ్లీషు అక్షరం. ఆ ఫాంటు ఉన్న మిషన్లో అది 'క'లా కనబడుతుంది. లేని మిషన్లో లోపలున్న గుర్తు బయటపడుతుంది. ఇప్పటి ఫోన్లలో, మిషన్లలో ఉన్న తెలుగుకు ఈ బాధ లేదు. కానీ ఆ రోజుల్లో టైపు చేసిన పుస్తకాలు, వంశవృక్షాలు, శుభలేఖలు ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో. వాటిని పాడైపోయాయని చెప్పి చెరిపేసిన షాపులు కూడా అన్ని ఉంటాయి.

అరుగు మీదికి వెళ్ళి శర్మ గారికి చెప్పాను. "మీ అమ్మాయి ఏమీ పోగొట్టలేదు మాస్టారూ. పాత మిషన్లో ఉన్న ఫాంటు కొత్తదాంట్లో లేదు. అది ఎవరికీ తెలిసే సంగతి కాదు, ఎదురు షాపు అబ్బాయికే తెలియలేదు."

ఆయన నా వైపు చూడలేదు. "కనబడనిది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదమ్మా" అన్నారు.

చీరాల ప్రెస్సు

ఫాంటు పేరు దొరికింది. ఫాంటు లేకపోయినా ఫైలు దాని పేరు గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేరుతో ఇంటర్నెట్లో దొరికింది తెచ్చి వేస్తే తెలుగు వచ్చింది కానీ ఒత్తులన్నీ గల్లంతు. 'అమ్మ' అని ఉండాల్సిన చోట ఏదో పురుగు కూర్చున్నట్టుంది. అదే పేరుతో రకరకాలు ఉండేవి అప్పట్లో, ఒకదానికొకటి కుదరవు. శర్మ గారికి ఆ ఫాంటు వేసిన డీటీపీ సెంటరు, అంటే కంప్యూటరు మీద తెలుగు టైపు చేసిపెట్టే షాపు, మూతపడి చాలాకాలమైంది.

ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు మంచం దిగడం కష్టం. గొంతు మాత్రం అదే.

"ఆ సెంటరు వాడి మిషన్ చీరాలలో మస్తాన్ కొన్నాడు, పెళ్ళికార్డులేసే మస్తాన్. ఉందో లేదో వెళ్ళి చూడు" అని, "ఈ ఎండలో నీకెందుకమ్మాయ్ ఇదంతా?" అన్నాడు.

నాకూ తెలియలేదు ఎందుకో. బస్సులో కూర్చున్నాక కూడా దిగిపోదామా అనిపించింది. ఇది నా పని కాదు, రిపేరు కాదు, రేపు ఇంకో ఇద్దరికి వస్తానని మాటిచ్చాను. వడగాలికి కిటికీ ఊచలు కాలుతున్నాయి. కానీ ఆయన అరుగు మీద నుంచి లేవకపోవడం, కుర్చీలో ఆమె చెయ్యి ఎత్తడం కళ్ళ ముందు ఉండి దిగనివ్వలేదు.

మస్తాన్ గారి ప్రెస్సులో ఆ మిషన్ ఉంది. లావుపాటి పాత తెరతో, మీద పాత టవలు కప్పి. ఆయన దాన్ని ఇంటర్నెట్టుకు కలపడు, కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించడు, ఎవరినీ దగ్గరికి రానివ్వడు. నేను పెన్ డ్రైవ్ తీయగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది మాత్రం కుదరదు మేడం. ఒకసారి ఎవరో ఇట్టాగే పెడితే, సరిగ్గా ముహూర్తాలప్పుడు మిషన్ పడుకుంది. పెళ్ళిళ్ళవాళ్ళు నా మీద పడ్డారు."

ఆయన భయం తప్పు కాదు. నేనైనా అదే చేస్తాను. వాదించలేదు. ఎదురు షాపులో కొత్త పెన్ డ్రైవ్ కొని, ఆయన ముందే అట్ట చించి చేతిలో పెట్టాను. "మీరే పెట్టండి. మీరే కాపీ చేయండి. నేను ముట్టుకోను" అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిస్మిల్లా అనుకుని పెట్టాడు. ఫాంటు కాపీ అవుతున్నంతసేపూ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఏం కార్డు మేడం ఇది, ఇంత కష్టపడుతున్నారు?"

"కార్డు కాదు, పెళ్ళి పాటలు."

"పెళ్ళి కార్డులే వేస్తున్నాను ఇన్నేళ్ళూ" అన్నాడాయన ఆశ్చర్యంగా. "పాటలు ఎవరూ అడగలేదే!"

భుజియించె

మర్నాడు శర్మ గారింట్లో ఫాంటు ఎక్కించాను. పిచ్చి గీతలు ఒక్కసారిగా తెలుగైపోయాయి. లలిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శర్మ గారు ఈసారి లోపలే ఉన్నారు. తెర దగ్గరికి వంగి రెండు వరసలు పైకి చదివారు. వెనక్కి తిరిగి కూతురి తల మీద చెయ్యి వేశారు. వారం రోజుల మాటలకు బదులు అదే.

నేను ముందు ఆ ఫైలును అలాగే ఇంకో రెండు చోట్ల దాచాను. తర్వాత పాటలన్నింటినీ ఇప్పటి తెలుగులోకి మార్చాను, ఇకమీదట ఏ మిషన్లో తెరిచినా, ఫోనులో తెరిచినా కనబడేటట్టు. ఫాంటు వెతికి తేవడంతో పని అయిపోయిందనుకోకండి. ఇంకోసారి పోకుండా చేస్తేనే అయిపోయినట్టు.

"అమ్మకి చూపిద్దాం" అంది లలిత. కుర్చీని బల్ల దగ్గరికి జరిపి, అక్షరాలు పెద్దవి చేసింది. కామేశ్వరమ్మ గారు చదవడం మొదలుపెట్టారు. ఆ పాటలు ఆవిడవే కానీ, టైపు చేసిన తర్వాత ఆవిడ వాటిని చూడటం అదే మొదలట. శర్మ గారు వెనక నిలబడి కండువాతో కళ్ళొత్తుకుంటున్నారు. ఆవిడ ఒక పేజీ చదివారు. రెండో పేజీ సగంలో కుర్చీ చేతి మీద ఎడంచేత్తో గట్టిగా కొట్టారు. "ఊఁ! ఊఁ!"

"చూశావా, ఎంత సంతోషమో" అన్నారు శర్మ గారు.

నాకది సంతోషంలా అనిపించలేదు. లలితకూ అనిపించలేదేమో, తల్లి వేలు పెట్టిన చోటు వంగి చదివింది.

"'వియ్యపురాలు విచ్చేసె, విస్తరి ముందర ఆసీనమాయె. బూరెల బుట్టను వీక్షించె, తృప్తిగనంతయు భుజియించె.'" లలిత ఆగి తండ్రి వైపు చూసింది. "నాన్నా, అమ్మ పాడేది ఇది కాదుగా!"

"అదే పాట" అన్నారాయన.

"అదే పాటేమిటి? నాకు తెలియదా?" అని లలిత అక్కడే నిలబడి పాడేసింది. "వియ్యపురాలు వచ్చింది, విస్తరి ముందు కూలబడింది. బూరెల బుట్ట చూసింది, బుగ్గలనిండా మింగింది!"

కామేశ్వరమ్మ గారు తల గట్టిగా ఊపారు. అవును, అవును.

శర్మ గారి మొహం ఎర్రబడింది. "నలుగురూ చదివేది కదా. మింగింది, కూలబడింది, ఇవన్నీ అచ్చులో ఏం బాగుంటాయని... కొంచెం సవరించాను. ఎప్పుడూ పిల్లల కాంపోజిషన్లు దిద్దిన చెయ్యి కదా అమ్మా" అన్నారు నాతో, నేనేదో తీర్పు చెబుతానన్నట్టు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపులోనే అంతా ఉంది. మాట లేని మనిషి అంత స్పష్టంగా తిట్టగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడ కీబోర్డు వైపు చెయ్యి చాపారు. లలిత దగ్గరికి జరిపింది. అది పాత మిషన్‌ది, దాన్ని మాత్రం శర్మ గారు తుక్కులో వేయనివ్వలేదట. దాని మీద ఆయన ఎప్పుడో అంటించుకున్న తెలుగు అక్షరాల చీటీలే ఉన్నాయి. ఆవిడ ఎడంచేతి చూపుడువేలు ఒక్కో మీటనూ వెతుక్కుంటూ వెళ్ళింది. కొన్ని అక్షరాలు రావాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి, ఒక్క చేత్తో అందడం లేదు. రెండుసార్లు ప్రయత్నించి, చెయ్యి ఒళ్ళో పడేసుకున్నారు.

అది మాత్రం నా పని. మిషన్లలో ఒక సదుపాయం ఉంటుంది, చాలామందికి తెలియదు. పొరపాటున తగిలి తెర మీదికి వస్తే విసుక్కుని మూసేస్తారు. షిఫ్ట్ మీటను ఒకసారి నొక్కి వదిలేసినా, తర్వాతి అక్షరం నొక్కేదాకా అది గుర్తుపెట్టుకుంటుంది. ఒక్క చెయ్యి ఉన్నవాళ్ళ కోసం పెట్టిందే. దాన్ని ఆన్ చేసి, "ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి నొక్కండమ్మా, తొందరలేదు" అన్నాను.

ఆవిడ ముందు 'భుజియించె'ను చెరిపారు. ఒక్కో అక్షరం పోతుంటే శర్మ గారు "అయ్యో, అయ్యో" అన్నారు. అసలు ఫైలు వేరే దాచానని చెప్పినా ఆయన గుండె నిలవలేదు. తర్వాత ఆవిడ 'మింగింది' టైపు చేశారు. అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఎవరూ సాయం చేయలేదు. అయ్యాక వేలు తీసి, ఆయన మొహంలోకి చూశారు. ముందు లలిత నవ్వింది, తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. చివరకు ఆయన కూడా నవ్వక తప్పలేదు.

తర్వాత

ఈ పని నన్ను అలసగొట్టింది. అది దాచను. మీరు వెళ్ళేది మనుషులు చిరాగ్గా ఉన్నప్పుడు. బాగైన తర్వాత మీరు వాళ్ళకు గుర్తుండరు. మీ పండగలప్పుడు, మీ జ్వరాలప్పుడు కూడా ఫోను మోగుతుంది. కుర్రాళ్ళు పదిమంది ఈ పనిలోకి వస్తే తొమ్మిదిమంది వేరే పని వెతుక్కుని వెళ్ళిపోయారు, వాళ్ళది తప్పనను. ఉండేవాళ్ళకు చెప్పేదొకటే. ఎదురుగా ఉన్న పిచ్చి గీతలను చూసి పాడైపోయిందనే ముందు, కాస్త ఓపిగ్గా చూడండి. మీకు అర్థం కానిదల్లా చెడిపోయినట్టు కాదు.

శర్మ గారు నెల తర్వాత ఫోన్ చేశారు. మళ్ళీ ఏదో చెడిందనుకుని సంచీ ఎక్కడుందా అని చూశాను.

"చెడలేదమ్మా. ఈవిడ పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడం లేదు. నేను దిద్దినవన్నీ వెనక్కి దిద్దేసింది. అవన్నీ అయిపోయాయి. ఇప్పుడు నేనెప్పుడూ విననివి రాస్తోంది, ఇన్నేళ్ళు కాపురం చేసి నేను ఒక్కసారి కూడా విననివి."

"మీకు తెలియకుండా ఎక్కడివి మాస్టారూ?"

"నేనూ అదే అడిగాను. ఇవెప్పుడు పాడావే అని. చాలాసేపు వెతుక్కుంటూ టైపు చేసి చూపించిందమ్మా. 'మీరు ఇంట్లో లేనప్పుడు' అని."